బీరమ్మ చెప్పిన గడువు

మా ఊరి బంగళా కింద ఒక నేలమాళిగ ఉండేది. దానికి పద్నాలుగు రాతి మెట్లు. ఎండాకాలం నాలుగు నెలలూ బీరమ్మ పొద్దున పది బిందెలు, సాయంత్రం పది బిందెలు నీళ్లు మోసుకుని ఆ మెట్లు దిగేది. కింద పరిచిన ఇసుక తడిపేది, గోడలకు వేలాడే గోనెపట్టాలు తడిపేది, నడుము పట్టుకుని మళ్లీ ఎక్కేది. ఊరి బావుల్లో నీళ్లు అడుగంటిన రోజుల్లో కూడా ఆ గోనెపట్టాలు ఆరకూడదు. ఎందుకంటే ఆ చల్లటి చీకట్లో, చెక్క అరల మీద పడుకోబెట్టిన మూడు వందల పైచిలుకు సీసాల్లో ఎర్ర వైన్ ఉండేది.

ఊరు జడ్చర్లకు ఆరు మైళ్లు. బంగళా జాగీర్దారు మక్సూద్ అలీ సాబ్‌ది. లండన్‌లో బారిస్టరు చదివిన రోజుల్లో ఆయనకు ఆ వైన్ రుచి పట్టింది. తిరిగొచ్చాక కూడా చాలా ఏళ్లు ఫ్రాన్సు నుంచి ఓడల మీద పెట్టెలు తెప్పించుకున్నాడు. జాగీర్లు రద్దయ్యాక భూములు పోయాయి, కచేరీ పోయింది, పనివాళ్లు పోయారు. బేగం హైదరాబాదులో పుట్టింటివాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. సాబ్ మాత్రం ఒక వంటవాడితో, ఆ సీసాలతో బంగళాలోనే ఉండిపోయాడు.

బీరమ్మ కురుమల ఇంటి మనిషి. భర్త కురుమయ్యకు నలభై గొర్రెలు. ఇంట్లో ఒక బర్రె ఉండేది, ఆ నెయ్యి బంగళాకు పోసేది. 1952లో ఒకరోజు వంటింట్లో వరసగా ఉన్న నేతి కుండల మూతలు తీసి చూసి వంటవాడితో అంది: "గీ కుండ దీపావళి దాక ఉంటది. గిది పది దినాలల్ల కంపు కొడ్తది, ముందుగాల దీన్ని వాడున్రి." ఆ మాట అటుగా వస్తున్న సాబ్ చెవిన పడింది. పదో రోజున కుండ తెప్పించి చూశాడు. ఆమె చెప్పినట్టే అయింది. అలా ఆమెను నేలమాళిగ పనిలో పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు సాబ్‌కు విషజ్వరం వచ్చింది. నెలన్నర మంచం మీద ఉన్నాడు. లేచాక ఒకరోజు ఒక సీసా తీయించి గ్లాసులో పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎంత పీల్చినా వాసన తెలియలేదు. అత్తరు తెప్పించాడు, తెలియలేదు. ఉల్లిగడ్డ నలిపి చూశాడు, అదీ తెలియలేదు. ఏ సీసా ఇప్పుడు తాగాలి, ఏది ఇంకా ఎన్నేళ్లు దాచాలి అని చెప్పడంలో సాబ్‌కు హైదరాబాదు దాకా పేరుంది. జడ్జీలు, పెద్ద హోదాల్లో చేసినవాళ్లు ఆ మాట వినడానికే కార్లేసుకుని వచ్చేవాళ్లు. భూములు పోయినా ఆ పేరు మిగిలింది. ఇప్పుడు ముక్కు పోయింది.

సాబ్ బీరమ్మను పిలిచాడు.

"జర ఇటు రా. గిది వాసన చూడు."

"నాకేం ఎరుక సాబ్, గీ సారా సంగతి?"

"నెయ్యి చూసినట్ల చూడు. ఉంటదా, పోతదా, గంతే చెప్పు."

ఆమె గ్లాసు ముక్కు కింద పెట్టుకుంది. "నేరేడు పండ్లు రాలి కమిలితె ఎట్లుంటదో గట్లున్నది. దాని ఎన్క తడిసిన గొంగడి వాసన" అంది.

"నోట్లె పోసుకో. మింగకు, ఉమ్మెయ్."

ఆమె పుక్కిలించి ఇత్తడి తొట్టిలో ఉమ్మింది. మొహం ముడుచుకుపోయింది. "అమ్మో, పచ్చి తునికికాయ కొరికినట్టున్నది. నాలుక పట్టుకున్నది సాబ్."

"ఇంక ఉన్నదా వగరు?"

"ఉన్నది. పోతలేదు."

సాబ్ కళ్లు మూసుకున్నాడు. అది 1928 నాటి వైన్. జ్వరానికి ముందు తన నాలుకకు తగిలింది కూడా సరిగ్గా అదే. ఆ రోజు నుంచి ఆమెకు నేర్పడం మొదలుపెట్టాడు. వైన్‌ను ఏళ్ల తరబడి నిలిపేది వగరూ పులుపూ అని చెప్పాడు. అయితే లోపల పండు రుచి కూడా అంతే గట్టిగా ఉండాలి. వగరు మెత్తబడేదాకా పండు బతికి ఉంటే అది మంచి వైన్. గ్లాసును తెల్లగుడ్డ మీద వంచి అంచు చూడమన్నాడు. లేత వైన్ అంచు వంకాయ రంగులో ఉంటుంది, ముదిరేకొద్దీ ఇటుక రంగుకు తిరుగుతుంది. బీరమ్మ ఇవన్నీ నెల రోజుల్లో పట్టుకుంది. ఒకటి మాత్రం తనంతట తానే చేసింది. ప్రతి సీసా నుంచి రెండు గ్లాసులు పోసేది. ఒకటి అప్పుడే చూసేది. రెండోదాని మీద మోదుగాకు కప్పి పెట్టి, తెల్లారి వచ్చి చూసేది. గాలికి ఒక రాత్రి నిలబడి ఇంకా బాగైందంటే ఏళ్లు నిలుస్తుందని లెక్క. పొద్దుటికే చచ్చిపోతే దాన్ని దాచడం దండగ.

"గిది పన్నెండేండ్లు."

"గిది వచ్చే దసర దాక."

సాబ్ అరల మీద సుద్దముక్కతో ఉర్దూలో రాసుకునేవాడు. వచ్చినవాళ్ల ముందు గ్లాసు ఎత్తి, కళ్లు సగం మూసి, ఆమె మాటలనే తన మాటలుగా చెప్పేవాడు. వరండాలో వాళ్లు మెచ్చుకుంటూ నవ్వుతుంటే, బీరమ్మ కింద బిందెతో మెట్లు దిగుతూ ఉండేది. ఆ మెప్పు తనదని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. ఇంకా ఎన్ని బిందెలు ఉన్నాయన్నదే ఆమె ధ్యాస.

నాలుక కాపాడుకోవడం అంతకంటే కష్టమైంది. మిరపకారం వద్దన్నాడు సాబ్. పచ్చి ఉల్లిగడ్డ వద్దు, తంబాకు వద్దు, చింతపులుసు వద్దు. ఇంట్లో అందరూ ఎర్రటి కారం నూరుకుని తింటుంటే, ఆమె జొన్నగట్కలో మజ్జిగ పోసుకుని ఒక మూల కూర్చునేది. ఊళ్లో మాట పుట్టింది: బీరమ్మ దొరింట్లో తాగుతోంది, అందుకే తిండి సహించడం లేదు. ఒకరోజు కురుమయ్య గొర్రెల్ని దొడ్లోకి తోలి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నోరు తెరువు."

ఆమె తెరిచింది. ఆయన వాసన చూశాడు. ఏమీ లేదు. సిగ్గుపడి తల దించుకున్నాడు. "మందల కాడ నలుగురు నాలుగు తీర్ల అంటున్నరు. గందుకే" అన్నాడు.

"ఉమ్మేస్త. మింగ. నీకు చెప్తె నమ్మవని చెప్పలే" అంది ఆమె.

1957లో బిడ్డ బక్కమ్మ పెళ్లి అయింది. రెండు గొర్రెలు కోసి బంతి పెట్టారు. అప్పటికి నాలుగేళ్లుగా చప్పిడి తింటున్న బీరమ్మకు మొదటి ముద్దకే గొంతు మండి, కళ్లలో నీళ్లొచ్చాయి. విస్తరి ముందు నుంచి లేచిపోయింది. వియ్యపురాలు నొచ్చుకుంది. "మా కూర పడ్తలేదు, దొరింటి తిండికి మరిగింది" అని నలుగురిలో అంది. బక్కమ్మ ఇంటి వెనక తల్లిని వెతికి పట్టుకుంది.

"గా పని ఇడిసిపెట్టరాదె అమ్మా?"

"ఇడిసిపెడ్తె ఇంట్ల గింజలెట్ల? నాయినకు గొర్లే సక్కగ లేకపాయె."

నిజమే. వానలు సరిగ్గా పడక మేత తగ్గింది. 1959లో మందకు రోగం తగిలి సగం చచ్చాయి. మిగతావి అమ్మేసి కురుమయ్య నందికొండకు పోయాడు. అక్కడ కృష్ణ మీద ఆనకట్ట కడుతున్నారు. రాయి మోసే పనిలో చేరాడు. మరుసటి ఎండాకాలం అతని కాలు మీద బండ పడిందని కబురొచ్చింది.

బీరమ్మ వెళ్లేముందు వంటవాడికి పదిసార్లు చెప్పింది. "పట్టాలు ఆరనియ్యకు. పొద్దున పది, మాపటికి పది. మర్సిపోకు." రెండు నెలలు నందికొండలో భర్త కాలికి కట్లు కడుతూ, అతని బదులు తట్టలు మోస్తూ గడిపింది. వాన మొదలయ్యాక తిరిగొచ్చి నేలమాళిగ తలుపు తీసింది. గోనెపట్టాలు అప్పడాల్లా ఎండి ఉన్నాయి. ఇసుక వేడిగా ఉంది. కొన్ని సీసాల బిరడాలు ముందుకు తోసుకొచ్చి వైన్ కారింది. నేల జిగటగా అంటుకుంటోంది, చీమలు బారులు కట్టాయి. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఏడవాలనిపించలేదు. లేచి మళ్లీ బిందె పట్టుకోవాలనీ అనిపించలేదు.

అప్పటికి మిగిలినవి తొంభై సీసాలు. ఆమె వారం రోజులు అరకొకటి చొప్పున తీసి చూసి, పైకి వచ్చి సాబ్‌తో చెప్పింది.

"ఆగవు సాబ్. పండు చచ్చిపోయింది, ఒట్టి పులుపు మిగిలింది. ఇరవై ఎనిమిది నాటివి కొన్ని బతికినయి. మిగిలినయి ఈ చలికాలం తాగితే తాగాలె."

సాబ్ అన్నీ కలిపి అమ్మేద్దామని అప్పటికే సికింద్రాబాదులో వైన్ వ్యాపారం చేసే పెస్తన్‌జీ సేట్‌కు ఉత్తరం రాసి ఉన్నాడు.

"నేను పోవట్టే గిట్లయింది" అంది బీరమ్మ.

"నీ మొగని కాలిరిగె. పోకుంటె ఎట్ల?" అన్నాడు సాబ్. తర్వాత, "ఈ మాట సేట్ ముంగట తియ్యకు" అన్నాడు.

సేట్ కార్తీకంలో వచ్చాడు. పొట్టి మనిషి, తెల్ల టోపీ, మాట నెమ్మది. మధ్యాహ్నం వరండాలో ఒక సీసా తీశారు. సాబ్ గ్లాసు ఎత్తి, ఎప్పటిలాగే కళ్లు సగం మూసి, "ఇరవై ఏండ్లు ఉంటది" అన్నాడు. సేట్ ఒక గుక్క తాగాడు, నొసలు ముడిచాడు. మళ్లీ తాగాడు.

"నాకు జర అలిసినట్టు కొడ్తుంది నవాబ్ సాబ్. కానీ మీరు అన్నరంటే మీ మాటే మాట. రేపు పొద్దున కాయితం రాసుకుందాం."

గ్లాసులు తీయడానికి వచ్చిన బీరమ్మ ఒకదానిలో మిగిలిన వైన్‌ను పారబోయలేదు. అలవాటు కొద్దీ ఆకు కప్పి అలమరలో పెట్టింది. పొద్దున సాబ్, సేట్ ఎదురెదురుగా కూర్చుని ఉండగా ఆ గ్లాసు పళ్లెంలో పెట్టుకుని వచ్చి నిలబడింది.

"ఎవరు తెమ్మన్నరు?" అన్నాడు సాబ్.

"ఎవరు తెమ్మనలే సాబ్. ఏడేండ్ల సంది పొద్దుగాల తెస్తనే ఉన్న గద."

ఆమె గొంతులో ఎదిరింపు లేదు, ఒట్టి అలసట. సాబ్ ఆమె ముఖం వైపు చూశాడు, చేతుల వైపు చూశాడు. గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు. వాసన పోయినా పులుపు తెలిసే నాలుక ఇంకా ఉంది. గ్లాసు కింద పెట్టేశాడు.

"సేట్, ఇది పులిసి సిర్కా అయింది" అన్నాడు. "ఇంకోటి వినున్రి. నా ముక్కు ఏడేండ్ల కింద జ్వరంల పోయింది. అప్పటిసంది మీరందరు విన్న మాటలు నావి కావు. ఈమెవి."

సేట్ నమ్మలేనట్టు ఇద్దరినీ చూశాడు. తర్వాత లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూర్చో అమ్మా." ఆమె కుర్చీలో కూర్చోలేదు. మెట్టు మీద కూలబడింది.

"ఏవి తీసుకోవాల్నో నువ్వే చెప్పు."

సాబ్ తల ఊపాడు. ఆ పగలంతా ఆమె మిగిలిన సీసాలన్నీ ఒక్కొక్కటే దీపం ముందు పట్టి చూసింది. వైన్ ఎంత కిందికి దిగిందో, బిరడా ఎంత తడిసిందో, అంచు రంగు ఎంత మారిందో చూసి, అనుమానం వచ్చినచోట సీసా తీసి రుచి చూసింది. చివరికి పద్నాలుగు పక్కన పెట్టింది. అన్నీ 1928వే. "గివి ఇంకో పదేండ్లు. గంత ఎండ కొట్టినా వీటి వగరు పోలే" అంది. సేట్ ఆ పద్నాలుగే తీసుకున్నాడు. వెళ్లేముందు తన దుకాణంలో పని ఇస్తానన్నాడు. ఉండటానికి జాగా, తిండి కూడా ఇస్తానన్నాడు, మెట్లు ఎక్కే పని ఉండదన్నాడు.

"నాకొద్దు సాబ్. నాలుక అలిసిపోయింది" అంది బీరమ్మ.

సేట్ వెళ్లాక సాబ్ ఆమె రుచి కోసం తీసిన 1928 సీసాలో మిగిలింది గ్లాసులో పోసి ఆమె ముందుకు జరిపాడు. "ఈసారి మింగు."

"వద్దు సాబ్. నిద్రొస్తాంది."

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఏడేండ్లు నీ మాట నా మాటని చెప్పుకున్న. మాఫ్ చెయ్యి బీరమ్మ" అన్నాడు.

"గండ్ల ఏమున్నది సాబ్" అంది ఆమె. "నీళ్లు మోసుడే కష్టమయింది."

మిగిలిన సీసాలను సాబ్ ఆ చలికాలమంతా వచ్చినవాళ్లకు పోశాడట. ఎవరు అడిగినా ముక్కు సంగతి దాచలేదట. అతిథులు తగ్గారు. ఒకరిద్దరు మాత్రం వస్తూనే ఉన్నారు. 1963లో ఆయన పోయాడు.

బీరమ్మ అంతకు ముందే ఊరు విడిచింది. సేట్ వచ్చి వెళ్లిన నాలుగో రోజు జడ్చర్లలో బస్సెక్కి, దేవరకొండలో మారి, నందికొండ చేరింది. దారంతా నిద్రపోయింది. కండక్టరు లేపితే గానీ దిగలేదు. కురుమయ్య కర్ర సాయంతో కుంటుతూ ఎదురొచ్చి, ఆమె నెత్తి మీద మూట అందుకున్నాడు.

"తిన్నవా?"

"తినలే. ముందుగాల పండుకుంట."

కూలీల గుడిసెల వరసలో, బయట సిమెంటు లారీలు తిరుగుతుంటే, ఆమె ఆ పగలూ మరునాడు పగలూ నిద్రపోయింది. పక్క గుడిసె నర్సింగమ్మ కొత్తగా వచ్చిన మనిషిని చూద్దామని గుమ్మం దగ్గరికి వచ్చి గట్టిగా పలకరించబోయింది. కురుమయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర మెల్లగ మాట్లాడు అక్కా. పండుకున్నది."