అమ్మ కోసం నాటిన నందివర్ధనం

మా కాలనీలో పువ్వు చెట్టున ఉంటే ఓర్వలేని జనం ఉన్నారు. తెల్లారకముందే వాకింగ్‌కి బయల్దేరతారు. ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో చివర కొక్కెం కట్టిన కర్ర. ఆరోగ్యానికి నడక, పుణ్యానికి పరాయివాళ్ల పూలు. బెజవాడలో వీళ్లు లేని వీధి ఉంటే చెప్పండి, అక్కడికి ఇల్లు మారిపోతాను.

అమ్మకి కళ్లలో నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది చుక్కల మందుతో ఎన్నాళ్లు నిలిస్తే అన్నాళ్లేనని డాక్టరు గారు చెప్పేశారు. పామర్రు నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాక తెలిసింది, ముదురాకుపచ్చ మీద తెలుపు మాత్రం అమ్మ కంటికి ఇంకా ఆనుతోందని. అందుకే ఎర్రమందారం పీకించి, వరండాకి ఎదురుగా గోడవారన నందివర్ధనం నాటాను. మా నేలంతా ఇటుకముక్కలు, కంకర. మోకాలి లోతు తవ్వించి, పామర్రు చేలో నల్లమట్టి బస్తాల్లో తెప్పించి పోశాను. రెండు వానాకాలాలు కొమ్మల చివర్లు తుంచుతూ గుబురుగా పెంచాను.

పూయడం మొదలయ్యాక అమ్మ రోజూ కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చుని లెక్కపెట్టేది. "పదిహేడు" అనేది. నేను వెళ్లి చూస్తే ఇరవై పైనే ఉండేవి. "సరిగ్గా చెప్పావమ్మా" అనేదాన్ని.

చెట్టు గోడ ఎత్తు దాటింది. ఆ మర్నాడే కొక్కెం దిగింది. కొమ్మలు వంచి అడుగు పూలు కూడా వదల్లేదు.

"ఇవాళ ఏమీ కనపడట్లేదేంటే?"

"కోసుకుపోయారమ్మా."

"పోనీలేవే, దేవుడికేగా."

నాకు ఒళ్లు మండిపోయేది. నెలన్నర అలాగే గడిచింది.

చివరికి ఒకరోజు గేటు దగ్గర కాపు కాసి పట్టుకున్నాను. పక్కవీధిలో ఉండే రిటైరైన పెద్దమనిషి.

"దేవుడికేగా అమ్మా, రెండు పూలు" అన్నాడు.

"రెండా? ఆ కవరు విప్పండి. మా అమ్మ చూసుకోవడానికి పెంచుకున్న చెట్టండీ ఇది!"

"చూడ్డానికేముందమ్మా, సాయంత్రానికి వాడిపోయేవేగా."

అంతే, నోరు చేసుకున్నాను. మీ దేవుడికి చెట్టున ఉంటే కనపడవా అని అడిగాను. వీధివీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. పెద్దాయనని అంతలేసి మాటలన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

ఆయన మళ్లీ రాలేదు. మూడోరోజు పొద్దున ముదురాకుల మీద తెల్లగా విరగబూసింది చెట్టు. అమ్మ చేతికి కాఫీ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడ్డాను, ఎన్నంటుందో విందామని. అమ్మ అటువైపు చాలాసేపు చూసింది.

"ఇవాళ కూడా కోసేశాడా ఆ మహానుభావుడు?" అంది.

చెట్టు వంక చూశాను, అమ్మ మొహం వంక చూశాను. మిగిలిన ఆ కాస్త చూపూ నెలన్నరపాటు బోడికొమ్మల మీదే అయిపోయింది.

"అవునమ్మా, ఒక్కటి కూడా ఉంచలేదు" అన్నాను.

ఆ తర్వాత ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ "పోనీలేవే" అనేదాకా తిడుతూనే ఉన్నాను.