బాంబర్ కాలికి బొట్టు

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో యుద్ధవిమానం ఉంది, నిప్పులు కక్కే ఇంజన్లు ఉన్నాయి, నేల మీద పడిన ఎర్రని చుక్క ఉంది. ఆకాశానికి ఆఖరి నమస్కారం పెట్టే వృద్ధ వీరుడున్నాడు. కూతురి క్షేమం కోసం దేవుళ్లందరితో మంతనాలు జరిపే తల్లి కూడా ఉంది.

రెండో పేరాకి వచ్చేసరికి నాకే సిగ్గేస్తోంది. యుద్ధం మా అమ్మ పుట్టకముందే అయిపోయింది. నిప్పులంటే సైలెన్సర్ లేని ఇంజన్ పొగగొట్టంలోంచి వచ్చే మామూలు మంట. వీరుడు రిటైరైన ఎయిర్‌లైన్ పైలట్, మోకాళ్ల నొప్పి. మంతనాలు మాత్రం నిజమే.

మేముండే పార్సిప్పనీ ఊరికి దూరంగా ఒక చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉంది. అక్కడి షెడ్డులో రెండో ప్రపంచ యుద్ధం నాటి రెండింజన్ల బాంబర్ ఒకటి, దాన్ని ఇంకా ఎగిరేలా చూసుకునే కొందరు వాలంటీర్లు. వాళ్లలో నేనొకదాన్ని. వారమంతా ఇన్సూరెన్స్ వాళ్లకి సాఫ్ట్‌వేర్ రాస్తాను, శనివారం బాంబర్ తుడుస్తాను. చిన్న విమానాలు నడిపే లైసెన్సు ఉంది కదా అని ఇక్కడ చేరితే, మొదటి ఏడాది చేతికి గుడ్డే ఇచ్చారు.

ఆ ఇంజన్లు ఆయిల్ తాగుతాయి. కొంత కాలుస్తాయి, మిగిలింది రెక్కలకీ మన చొక్కాలకీ సమానంగా పంచుతాయి. కింద నల్లచుక్క పడటం లేదంటేనే కంగారు, లోపల అయిపోయిందేమోనని. ఎర్రచుక్క సంగతి వేరు. బ్రేకుల్నీ చక్రాల్నీ నడిపే హైడ్రాలిక్ నూనె ఎర్రగా ఉంటుంది. కింద ఎర్రచుక్క కనబడితే, అదెక్కడిదో తేలేదాకా విమానం అంగుళం కదలదు. మా షెడ్డులో చేరిన రోజునే అందరికీ చెప్పే మొదటి నియమం ఇది. మా అమ్మ మా షెడ్డులో చేరలేదు.

అమ్మ గుంటూరులో లెక్కల టీచరుగా రిటైరై, నా దగ్గర నాలుగు నెలలుందామని వచ్చింది. ఆ శనివారం నాకు చెక్ ఫ్లైట్. మా కెప్టెన్, అదే ఆ మోకాళ్ల నొప్పి పైలట్, ఎడమ సీట్లో కూర్చుని, నేను కుడి సీటుకి, అంటే కోపైలట్‌గా, పనికొస్తానో లేదో తేలుస్తాడు. ఆయన మెడికల్ సర్టిఫికెట్ ఆ నెలాఖరుతో సరి. గుండె డాక్టరు చెప్పాక, మళ్లీ తీసుకోనని ఆయనే నిర్ణయించుకున్నాడు. ఈ విమానం మీద కొత్తవాళ్లని పరీక్షించడానికి మా దగ్గర అర్హత ఉన్నది ఆయనొక్కడికే. ఆ నెలలో అదే ఆఖరి వారాంతం, ఆదివారం వాన. అంటే ఆ శనివారం కుదరకపోతే నేను గుడ్డ పట్టుకునే ఉండాలి, ఆయన కూడా ఆఖరిసారి ఎగరకుండానే ఇంటికెళ్లాలి. ఆ రెండో సంగతి గురించి షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. వాతావరణం గురించి మాత్రం మామూలు కంటే ఎక్కువ మాట్లాడారు.

ముందురోజు సాయంత్రం అమ్మ అడిగింది. "దీన్నుంచి నిజంగానే బాంబులు వేసేవాళ్లా?"

"బాంబర్ అంటే మరేంటమ్మా?"

"జనం మీదా?"

"ఎక్కడ వేయమంటే అక్కడ."

అమ్మ కాసేపు చిక్కుడుకాయల ఈనెలు తీసింది. "ఇప్పుడేం వేసుకెళ్తారు అందులో?"

"నిచ్చెన, ఆయిల్ డబ్బాలు. రేపు నువ్వు చేసే పులిహోర."

"శాంతి చేయించారా దానికి?"

"అమ్మా, అది విమానం."

"అలాంటి పనులు చేసొచ్చిన బండికి శాంతి చేయించకుండా ఆడపిల్లని ఎక్కిస్తారా? మీ నాన్న స్కూటరు కొంటేనే నిమ్మకాయలు తొక్కించాం. అది ఎవరినీ చంపలేదు కూడా."

"నాన్న నడిపిన తీరుకి అదృష్టం."

ఫలితంగా రాత్రి భోజనానికి ముందు మన సరుకులు దొరికే ఐసెలిన్ దాకా డ్రైవ్ చేశాను. మా వీధి చివరి షాపులో నిమ్మకాయలు కోడిగుడ్డంత ఉంటాయి, అవి శాస్త్రానికి పనికిరావట. అక్కడి ఓక్ ట్రీ రోడ్డులో పల్చటి తొక్కున్న చిన్నవి దొరికాయి. అమ్మ వాటిని వేళ్ల మధ్య నొక్కి, గుంటూరు స్థాయి కాదుగానీ సర్దుకోవచ్చంది.

పొద్దున షెడ్డు తలుపులు తీసి విమానాన్ని బయటికి లాగాం. ఎగిరే ముందు ప్రొపెల్లర్లని చేత్తో తిప్పాలి. రాత్రంతా ఆయిల్ కింది సిలిండర్లలోకి దిగి కూర్చుంటుంది. దాన్ని కదిలించకుండా స్టార్ట్ చేస్తే ఇంజన్ విరుగుతుంది. ఒకరి తర్వాత ఒకరు ప్రొపెల్లర్ రెక్క పట్టుకుని, నెట్టుకుంటూ నడిచి, తిరిగొచ్చి మళ్లీ నెట్టాలి. గానుగ చుట్టూ ఎడ్లు తిరిగినట్టు ఉంటుంది. మెకానిక్, కెప్టెన్, నేను ఆ పనిలో ఉన్నాం. అమ్మ ముందువైపు ఒంటరిగా ఉంది. ఆ సంగతి మాకు తట్టలేదు.

చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చిన మెకానిక్ ఆగిపోయాడు. బొద్దుగా ఉంటాడు, రోజుకి పది మాటలకి మించి ఖర్చుపెట్టడు. ముందుచక్రాన్ని మోసే లోహపు కాలి కింద సిమెంటు మీద ఎర్రని చుక్క. దాని పక్కన ఇంకోటి.

"రెడ్," అన్నాడు.

కెప్టెన్ కళ్లజోడు సవరించుకుని చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మధ్యాహ్నానికి గాలి పెరుగుతుందని వాతావరణ సూచన. లీకు వెతకడం మొదలుపెడితే సాయంత్రం అవుతుంది. నా కుడి సీటు, ఆయన ఎడమ సీటు, రెండూ ఆ చుక్కలో మునిగిపోయాయి.

అప్పుడు అమ్మ చెయ్యెత్తింది, క్లాసులో పిల్లలా.

"ఎక్స్‌క్యూజ్ మీ," అంది మెకానిక్‌తో. "దట్ ఈజ్ మైన్."

"మ్యామ్?"

"మైన్. ఫర్ సేఫ్టీ."

చక్రం కాలికి ముందువైపు మూడు బొట్లు. పసుపు, దాని మీద కుంకుమ. నున్నటి లోహానికి పొడి అంటడం లేదని ధారాళంగా నీళ్లు కలిపింది. అవి కారి, కాలు వెంట దిగి, కింద మా ప్రాణాలు తీశాయి.

"అమ్మా! కాలికెందుకు పెట్టావే?"

"ముక్కు అందలేదే. అంతెత్తున పెట్టారు. నువ్వేమో ఆ రేకులు తిప్పుకుంటూ కూర్చున్నావ్."

నేను మెకానిక్‌కి వివరించాను. ఆయన శ్రద్ధగా విని, మళ్లీ చుక్క వైపు చూశాడు. అమ్మకి ఓపిక పోయింది. వంగి ఆ చుక్కలో వేలు ముంచి, తీసుకెళ్లి తన నుదుట పెట్టుకుంది.

"ఆయిల్ అయితే నేను బొట్టు పెట్టుకుంటానా? చెప్పవే ఆయనకి, ఇంగ్లీషులో."

చెప్పాను. ఆయన అమ్మ నుదుటి వైపు చూసి, తల పంకించి, "గుడ్ టెస్ట్. నాట్ మై టెస్ట్," అన్నాడు. ఆ రోజు మాటల కోటాలో సగం అక్కడే అయిపోయింది.

ఆయన టెస్టు ఏమిటంటే, మరకలు మిగిలినా సరే కాలి మీది తడంతా తుడిచి, కింద తెల్లగుడ్డ పరిచి, చేతి పంపుతో హైడ్రాలిక్ ప్రెషర్ ఎక్కించి, కూర్చుని గుడ్డని చూడటం. మేమందరం కూర్చుని గుడ్డని చూశాం. గాలి మెల్లగా గడ్డిని దువ్వుతోంది. అమ్మ కాగితం ప్లేట్లలో పులిహోర పెట్టింది. కెప్టెన్ పక్కన కూర్చుని, తనకొచ్చిన ఇంగ్లీషులో మోకాలికి నువ్వులనూనె మర్దనా గురించి చెప్పింది. ఆయన ఎండుమిరపకాయని కూరగాయ అనుకుని నమిలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఖరి రోజు కదా అని మెకానిక్ మర్యాదగా మొహం తిప్పుకున్నాడు.

కథకైతే ఇక్కడ కుంకుమ కింద నిజమైన లీకు ఒకటి బయటపడాలి. అమ్మ బొట్టే విమానాన్ని కాపాడిందని తేలాలి. ఏమీ బయటపడలేదు. గుడ్డ తెల్లగానే ఉంది. కుంకుమ వల్ల జరిగిందల్లా ఆలస్యమే.

"గాలి ఇంకా హద్దులోనే ఉంది. పద," అన్నాడు కెప్టెన్ లేస్తూ. తర్వాత అమ్మ వైపు తిరిగి, ఇంకేమైనా మిగిలిందా అని అడిగాడు. నిమ్మకాయలు మిగిలాయి. ప్రొపెల్లర్ల దరిదాపుల్లో వద్దు, ముందుచక్రం కిందయితే సరేనన్నాడు. చక్రం కదిలాక తొక్కలు ఏరే బాధ్యత మెకానిక్ తీసుకున్నాడు.

పొట్ట కింద తలుపులోంచి నిచ్చెనెక్కి లోపలికి దూరాలి. పెట్రోలు, పాత కాన్వాసు, కాగిన రబ్బరు కలిసిన వాసన. సీటు నా సైజుకి చేసింది కాదు. వెనకొక దిండు పెట్టుకుంటే గానీ పెడల్స్ అందవు. స్టార్టర్ నొక్కితే ఇంజన్ మూలిగి, దగ్గి, తెల్లపొగ ఊది, ఒక సిలిండర్ లేచి రెండోదాన్ని లేపి, చివరికి అన్నీ కలిసి అరవడం మొదలుపెడతాయి. చెవుల్లో దూది, దాని మీద హెడ్‌సెట్, అయినా శబ్దం పళ్లలోంచి లోపలికొస్తుంది. కదిలాం. నిమ్మకాయలు పగిలాయో లేదో ఎవరికీ వినబడలేదు. కిటికీలోంచి చూస్తే అమ్మ చెవులు మూసుకుని, అవి తొక్కుడు పడ్డాయా అని మెకానిక్‌ని సైగలతో అడుగుతోంది. ఆయన బొటనవేలు పైకెత్తి చూపించాడు.

నేల మీద దీనికి తిన్నగా నడవడం రాదు. ముందుచక్రాన్ని తిప్పే స్టీరింగ్ లేదు. ఒక పక్క బ్రేకు, ఒక పక్క ఇంజన్ వాడుకుంటూ ఒప్పించాలి. రన్‌వే చివర అన్నీ సరిచూసుకుని పవర్ ఇచ్చాం. విమానమంతా డబ్బాలో గోళీల్లా వణికింది. నేల వదిలాక, ఒక ఇంజన్ పోయినా ఎగరగలిగే వేగం అందుకునేలోపు కొన్ని క్షణాలుంటాయి. అప్పుడు ఇంజన్ ఆగితే ఎదురుగా ఏముంటే అందులో దిగడమే. ఎదురుగా ఒక ఫర్నిచర్ షాపు పార్కింగ్. ఆ క్షణాల్లో ఎవరూ మాట్లాడరు. చక్రాలు పైకి లాగాను, స్పీడ్ ముల్లు ఆ వేగం దాటింది, కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. గండం గడిచిందనడానికి అదే గుర్తు.

పైన మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. అంత చప్పుడులో ప్రశాంతం ఏమిటంటే చెప్పలేను. కొంతసేపటికి చప్పుడే గది గోడల్లా అయిపోతుంది, మనం లోపల కూర్చుని ఉంటాం. చిన్న విమానంలో చెయ్యి ఇలా అంటే అది అలా వెళ్తుంది. ఇక్కడ చేతిలోని చక్రం తిప్పడమంటే తహసీల్దారాఫీసులో అర్జీ పెట్టుకోవడం. ముందు మనవి చేసుకోవాలి, తర్వాత కాచుక్కూర్చోవాలి. మంజూరైందని తెలిసేలోపే వద్దని రెండో అర్జీ పెట్టాలి. కింద ఇళ్ల వెనక నీలం ఈతకొలనులు, స్కూలు మైదానం, గోదాముల తెల్లని కప్పులు. వాటన్నిటి మీదుగా మా నీడ పోతోంది. ఈ నీడని చూసి ఒకప్పుడు జనం పరిగెత్తారు. ఇదే సీట్లో నాకంటే చిన్నవాళ్లు, నాకంటే తక్కువ ప్రాక్టీసుతో కూర్చున్నారు. వాళ్లు చాలామంది దిగలేదు, కింద నేల మీదున్నవాళ్లు చాలామంది లేవలేదు. అమ్మ శాంతి అన్నది దీని గురించే అనుకుంటాను. కింద గోల్ఫ్ ఆడుతున్న ఒకాయన మాకు చెయ్యూపాడు.

కెప్టెన్ ఉన్నట్టుండి ఎడమ ఇంజన్ పవర్ తగ్గించేశాడు. పరీక్ష. ముక్కు పక్కకి లాగేసింది. కుడి పెడల్‌ని రెండు కాళ్లతో తొక్కాను. తొడలు వణికాయి. పాఠం అప్పజెప్పినట్టు వరసగా చేయాల్సినవన్నీ చేశాను. ఆయన చూస్తున్నాడు.

"ఇది ఎప్పటిదాకా పట్టుకోగలవు?" అన్నాడు హెడ్‌సెట్‌లో.

"మీరు ఆపమనేదాకా."

"అబద్ధం."

"రెండు నిమిషాలు."

"అది పైలట్ చెప్పాల్సిన జవాబు," అని పవర్ తిరిగి ఇచ్చాడు.

దిగేటప్పుడు నన్నే దించమన్నాడు. గాలి పక్కనుంచి తోస్తోంది. ఒకసారి ఆనింది, మనసు మార్చుకుని లేచింది, మళ్లీ ఆనింది. రెండుసార్లు దిగినందుకు ఎక్స్‌ట్రా చార్జీ లేదన్నాడు.

ఇంజన్లు ఆపాక ఒక్కసారిగా నిశ్శబ్దం. వేడి లోహం టిక్కుటిక్కుమంటోంది. కెప్టెన్ కదలలేదు. రెండు చేతులూ లీవర్ల మీదే ఉంచి, ఎదురుగా అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఎన్నేళ్లు ఎగిరిన మనిషి, ఇది ఆఖరిసారి. చివరికి నా వైపు తిరిగాడు.

"మోకాలు పట్టేసింది. కాస్త చెయ్యివ్వు."

ఇచ్చాను. లేచాక చెయ్యి వెంటనే వదల్లేదు. "వచ్చే శనివారం నుంచి కుడి సీటు నీది," అన్నాడు. "గుడ్డ కూడా."

నిచ్చెన దిగేసరికి అమ్మ కిందే ఉంది. నుదుట పొద్దుటి బొట్టు.

"అయిందా? పాసా?"

"పాసే."

"చూశావా! నేను చెప్పలా?"

"రెండుసార్లు దిగిందమ్మా."

"ఒకటి నీది, ఒకటి నిమ్మకాయలది," అని కెప్టెన్ వైపు తిరిగింది. "సార్, సెసమీ ఆయిల్. డెయిలీ."

"యెస్, మ్యామ్," అన్నాడాయన. చెయ్యి విమానం పక్కన ఒకసారి ఆనించి, కుంటుకుంటూ కారు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని చూశాను. తాళాల కోసం జేబు వెతుక్కున్నాడు.

మెకానిక్ అప్పటికే నాకోసం బకెట్ సిద్ధం చేసి పెట్టాడు. కుంకుమ మరక అల్యూమినియం మీంచి గోరువెచ్చని నీళ్లకీ గిన్నెల సబ్బుకీ పోతుంది. పసుపు మాత్రం రెండోసారి రుద్దాలి. స్క్రబ్బర్ వాడకూడదు, గీతలు పడతాయి.