ముందే తీసిన శోకం

నేను ఆసుపత్రిలో అవయవదానాలు చూసే కోఆర్డినేటర్‌ని. మేడ్చల్ రోడ్డు మీద ట్రాఫిక్‌నీ, ఐసీయూ ముందు గుమిగూడే చుట్టాలనీ ఒకేలా తిట్టుకుంటాను. ఆ రోజు దేవరయాంజాల్ నుంచి వచ్చినవాళ్లతో వరండా నిండిపోయింది.

ప్లాట్లు అమ్మించే వాళ్లింటాయనకు తలలో నరం చిట్లింది. ఇక లేవడని డాక్టర్లు తేల్చాక, ఊపిరి ఆడించే యంత్రం తీసేయడానికి ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. మేం అడగకముందే కిడ్నీలిస్తామని ఆయన భార్యే అంది. ఆయనకు బ్రెయిన్‌డెత్ కాలేదు, కానీ అది అయినవాళ్లవి మాత్రమే తీసుకుంటే ఎదురుచూసేవాళ్లకు ఎక్కడ సరిపోతాయి? అందుకే గుండె ఆగాక తీసుకునే పద్ధతికి సిద్ధమయ్యాం. అందులో చిక్కల్లా ఒకటే. గుండె ఆగాక కాసేపు ఎవరూ ముట్టుకోకూడదు, ఆ వెంటనే థియేటర్‌కి పరుగెత్తాలి. ఆలస్యమైతే కిడ్నీలు పనికిరావు.

మా వైపేమో ఊపిరి పోగానే ఆడవాళ్లు మీద పడి శోకం తీస్తారు. ఆయన అక్క అప్పటికే కొంగు నడుముకు చుట్టింది. నాకు ఒళ్లు మండింది.

"మీరు పట్టుకుంటే అంతా వృథా. ఏడ్చేదేదో ముందే ఏడ్వండి," అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"పాణముండంగనే శోకమా? గిదేం పద్ధతి?" అని అక్క లేచింది.

"తియ్యి వదినా," అంది భార్య. "పోయినంక తీస్తే ఆయనకేం ఇనవడ్తది? గిప్పుడైతే ఇంటడేమో."

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది. "ఓ నా తమ్ముడా, నా పెండ్లిల లడ్డూలన్ని నువ్వే తింటివి గదరా... మీ బావ స్కూటర్ శామీర్‌పేట చెరువుల దించి, చేపలు వడ్తున్ననంటివి గదరా..."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ. అక్క కూడా కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఐసీయూలో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఆపబుద్ధి కాలేదు.

యంత్రం తీశారు. గుండె ఆగింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని, రెండు చేతులూ చాచి మిగతావాళ్లను వెనక్కి నెట్టింది. ఒక్కరూ ముట్టుకోలేదు. మేం పరుగెత్తాం.

అలా తీసిన కిడ్నీ ఒక్కోసారి కొన్నాళ్లు మొరాయిస్తుంది. ఎవరికి పెట్టారో బయటికి చెప్పకూడదు గాని, ఆ మనిషికి తగిలించిన సంచిలో మూత్రం చుక్క పడేవరకు నాకు అన్నం దిగలేదు. మూడో రోజు పొద్దున సంచి నిండింది. సంతోషం పట్టలేక కిడ్నీలిచ్చినాయన భార్యకు ఫోన్ చేశాను.

అక్కడ పోయినాయన పేర పిట్టకు అన్నం పెడుతున్నారు. ఎంతసేపైనా కాకి ముట్టడం లేదట. ఆయనకేం కోరిక మిగిలిపోయిందోనని అందరూ పరేషాన్.

"అమ్మా, కిడ్నీ పనిచేస్తోంది. మూత్రం వచ్చింది!"

"వదినా! మూత్రమొచ్చిందంట!" అని ఆమె అరుపు. వెనక చప్పట్లు, ఈలలు.

"మరి కాకి?" అన్నాను.

"గా కాకినిప్పుడెవలు జూస్తున్నరు మేడం!"