మా హాకీ జట్టుకు జమానతు

పోలీసు చర్య ముగిసిన కొద్ది నెలలకు ఆయన మా ఊరు ఇబ్రహీంపట్నం తిరిగి వచ్చాడు. నిజాం ఫౌజు జట్టులో హాకీ ఆడిన మనిషి. ఫౌజును రద్దు చేసి అందరినీ ఇళ్ళకు పంపేశారు. భుజాన పరుపుచుట్ట, చేతిలో రేకుపెట్టె, కొంచెం ఈడ్చుకుంటూ నడక. మోకాలు దెబ్బతిని ఆయన ఆట మానేసి చాలాకాలమైందని మాకు అప్పుడే తెలిసింది.

ఆయన సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడే రోజుల్లో మా అన్నా నేనూ బండి కట్టుకొని పట్నం వెళ్ళి చూసేవాళ్ళం. బంతి ఆయన కట్టెకు అందితే చుట్టూ జనం అరవడం మానేసేవాళ్ళు. మా అన్న పక్కవాళ్ళ భుజం తట్టి "మా ఊరోడు" అని చెప్పేవాడు. మాకన్నా వయసులో చాలా పెద్ద. ముస్లిం ఇంటివాడు. ఏ ఇంటి పిల్లలమైనా ఆయన్ని భాయ్ అనే పిలిచేవాళ్ళం.

ఆయన వచ్చేనాటికి మా ఊరి జట్టు జట్టులా లేదు. మా అన్న గోల్ కాసేవాడు. వరికోతకు మా చిన్నమ్మ ఊరికి వెళ్ళినప్పుడు రజాకార్లు ఆ ఊరిమీద పడ్డారు. తుపాకి గుండుకు మా అన్న పొలంలోనే చనిపోయాడు. యూనియన్ సైన్యం వచ్చాక ఇద్దరు ముస్లిం అన్నదమ్ములు భయపడి తల్లిని తీసుకొని పట్నం వెళ్ళిపోయారు. రైట్ హాఫ్ ఆడే అతను కొన్ని నెలలు రజాకార్ల ఖాకీ తొడుక్కున్నాడు. అతన్ని సైన్యం పట్టుకుపోయి, బాగా కొట్టి వదిలేసింది. ఆ తర్వాత అతను ఇల్లు దాటి రావడం మానేశాడు. మిగిలినవాళ్ళం ఎవరితో ఆడినా ఓడిపోయేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాతో ఆట అంటే నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు.

కొందరం కలిసి భాయ్ ఇంటికి వెళ్ళి, మా జట్టుకు మేనేజరుగా ఉండమని అడిగాం.

"నాకు కట్టె తిప్పుడు తెలుసు తమ్మీ. మనుషులను తిప్పుడు తెల్వదు" అన్నాడు.

మర్నాడు ఆయనే మా ఇంటికి వచ్చాడు. "నడువు, క్యాంపుకు పోదాం" అన్నాడు.

అప్పుడు మా ఆటస్థలం చివర పోలీసు క్యాంపు గుడారాలు ఉండేవి. చుట్టుపక్కల కమ్యూనిస్టు దళాలు తిరుగుతున్న కాలం. నలుగురు ఒకచోట నిలబడితే అనుమానం, చేతిలో కట్టెలు ఉంటే మరీ అనుమానం. సోదాలో మా హాకీ కట్టెలు కూడా పట్టుకుపోయారు. క్యాంపు ఆఫీసరు ఈ ప్రాంతంవాడు కాదు. కట్టెలు ఇచ్చి మమ్మల్ని ఆడనివ్వమని భాయ్ చెప్పిందంతా విని, ఉర్దూలో ఒకటే మాట అన్నాడు. "నీ ఆటగాళ్ళలో ఎవడైనా అడవిలోకి వెళ్ళి దళంలో కలిస్తే, నేను వాడిని వెతకను. నీ ఇంటికి వస్తాను. వీళ్ళ జమానతు, పూచీ, అన్నీ నువ్వే."

"జీ సాబ్" అన్నాడు భాయ్. కట్టెలు మా చేతికి వచ్చాయి.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "గట్ల ఒప్పుకుంటివేంది భాయ్?"

"మరి మేనేజర్ అంటే ఏందనుకున్నవ్? చాయ్ తెచ్చేటోడా?"

ఆయన మొదట పిలిపించింది రైట్ హాఫ్‌ను. ఆ సంగతి తెలిసి నేను ఆటకు వెళ్ళడం మానేశాను. ఒక సాయంత్రం భాయ్ మా ఇంటికి వచ్చి మా అమ్మ ముందు కూర్చున్నాడు. మా అమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది.

"నీ కొడుకును ఆటకు పంపుమని అడగనీకి వచ్చిన అవ్వా" అన్నాడు.

అమ్మ చెరగడం ఆపలేదు. "వాడు ఆ ఊరికి పోయిండా?" అని అడిగింది. అడిగింది రైట్ హాఫ్ గురించే, మా అన్న చనిపోయిన ఊరి గురించే అని మా ఇద్దరికీ అర్థమైంది.

"పోలేదవ్వా. నేను అడిగి తెలుసుకున్న. కాని ఆ బట్టలు తొడిగిండు, వాళ్ళతోని కవాతు చేసిండు. లేదని నేను చెప్ప."

అమ్మ చాట కింద పెట్టి లోపలికి వెళ్ళింది. పాత బొంత కత్తిరించి, దూది కూరి, మా అన్న కాళ్ళకు కట్టుకోవడానికి తానే కుట్టిన ప్యాడ్లు తెచ్చి భాయ్ ముందు పెట్టింది.

"ఇవి ఎవలన్న కట్టుకోనియ్. ఎలుకలు కొరుకుతున్నయ్" అంది. చాట మళ్ళీ చేతిలోకి తీసుకొని, "వాడు నా ఇంటికి రావద్దు బిడ్డా. ఆట జాగ నా ఇల్లు కాదు" అంది.

భాయ్ ప్యాడ్లు రెండు చేతులతో తీసుకున్నాడు. మర్నాడు పొద్దున నేను ఆటకు వెళ్ళాను.

నేను ఫుల్ బ్యాక్, నా ముందు అతను రైట్ హాఫ్. నేను బంతి ఇవ్వాల్సింది అతనికే. నేను ఎడమవైపుకే కొట్టేవాణ్ణి. భాయ్ చూసి చూసి మా ఇద్దరినే నిలబెట్టి ఎండ ముదిరేదాకా బంతి ఇచ్చిపుచ్చుకోమన్నాడు. "మాట్లాడకుంటే మాట్లాడకుండ్రి. బంతి మాత్రం ఇయ్యాలె" అన్నాడు. ఎండాకాలం గడిచేసరికి అతను ఎక్కడ ఉంటాడో నాకు తల ఎత్తకుండానే తెలిసేది. ఒక్క మాట మాత్రం మాట్లాడుకోలేదు. మెల్లగా ఓటములు తగ్గాయి. ఆదిభట్లవాళ్ళ మీద మొదటిసారి గెలిచిన రోజు భాయ్ "కట్టెలు తుడిచి లోపల పెట్టుండ్రి" అని మాత్రమే అన్నాడు. మాకు అది చాలు.

మా లెఫ్ట్ అవుట్ కౌలురైతు కొడుకు. కమ్యూనిస్టుల సంఘం బలంగా ఉన్న రోజుల్లో వాళ్ళకు కొంత భూమి దక్కింది. సైన్యం వచ్చాక, పారిపోయిన దొర తిరిగొచ్చి ఆ భూమి గుంజుకున్నాడు. అడ్డం పడ్డ తండ్రిని చెప్పులతో కొట్టించాడు. ఒక పొద్దున లెఫ్ట్ అవుట్ ఆటకు రాలేదు. దళంలో కలిశాడని మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసింది. సాయంత్రం భాయ్ ఇంటిముందు జీపు ఆగింది. ఆయన అన్నం తింటున్నాడట. లేచి చెయ్యి కడుక్కొని ఎక్కాడట.

మర్నాడు నేను క్యాంపుకు బయలుదేరాను. ఏం చెయ్యాలో తెలియదు, ఇంట్లో ఉండలేకపోయాను. బజారు దాటాక రైట్ హాఫ్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"నేను గూడ వస్త" అన్నాడు.

ఇద్దరం నడిచాం. కొంత దూరం పోయాక అతను "మీ అన్న..." అని మొదలుపెట్టాడు.

"గా ముచ్చట ఇప్పుడు వద్దు" అన్నాను.

ఆఫీసరు మమ్మల్ని చూసి, పక్కనున్న జవాను చెవిలో చెప్పింది విని, మళ్ళీ మమ్మల్ని చూశాడు. "వీడు రజాకారు. నువ్వు రజాకార్లు చంపినవాడి తమ్ముడివి. ఇద్దరూ కలిసి వచ్చారా?"

"మా మేనేజర్ లోపల ఉన్నడు సాబ్" అన్నాను. "ఆయన బదులు మమ్మల్ని పెట్టుకోండ్రి" అన్నాడు రైట్ హాఫ్.

గెంటేశారు. మరుసటి రోజు మళ్ళీ వెళ్ళాం. మెల్లగా జట్టంతా వచ్చి క్యాంపు ఎదురుగా రోడ్డు పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. మా అమ్మ జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చి "అందరికీ పెట్టు" అంది. ఎవరెవరున్నారని అడగలేదు. రైట్ హాఫ్ తన రొట్టెను చాలాసేపు చేతిలో పట్టుకొని, తర్వాత తిన్నాడు.

వానాకాలం వెళ్ళాక భాయ్‌ను వదిలేశారు. ఎందుకు వదిలారో, అప్పుడే ఎందుకు వదిలారో మాకెవరూ చెప్పలేదు. చిక్కి సగమయ్యాడు. ఎడమ చెవికి వినికిడి పూర్తిగా పోయింది. మా అన్న ప్యాడ్లు కట్టుకొని గోల్ కాస్తున్న కుర్రాడు కోపం పట్టలేక లెఫ్ట్ అవుట్‌ను తిట్టడం మొదలుపెట్టాడు.

"ఆపు" అన్నాడు భాయ్. "వాడు పోతడని నాకెరుకే. ముందుదినం వచ్చి చెప్పిండు. నీ మీదికి వస్తది, పోవాల్నా వద్దా భాయ్ అని అడిగిండు. పొమ్మన్న."

నేనే అడిగాను. "ఎందుకట్ల అన్నవ్?"

"వాని బాపును చెప్పులతోని కొట్టిండ్రు. నేను ఆట కోసం ఆగు అని ఎట్ల చెప్పాలె?"

ఆ మాట మేమెవరం ఊళ్ళో ఎక్కడా ఎత్తలేదు. తర్వాత మూడు నాలుగేళ్ళు ఆయనే మేనేజరు. పెద్ద కప్పులేవీ రాలేదు. పట్నం జట్టు ఒకదానితో ఒకసారి సమానంగా నిలిచాం, అంతే. రైట్ హాఫ్ వాళ్ళు ఇల్లు అమ్ముకొని పట్నం వెళ్ళారు. వెళ్ళేముందు అతను నాతో మా అన్న గురించి మాట్లాడాడు, నేను విన్నాను. క్షమించానని చెప్పలేదు, అతను అడగలేదు.

పోరాటం ఆపేశాక, దళంలో ఉండగా పట్టుబడ్డ లెఫ్ట్ అవుట్ జైలునుంచి విడుదలై వచ్చాడు. ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆట దగ్గరికి వచ్చాడు. గడ్డం పెరిగి, గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు. ఆట నడుస్తోంది. భాయ్ అతన్ని తేరిపార చూశాడు.

"నీ జాగల ఇంకొకడు ఆడుతున్నడు. జర కూసో" అన్నాడు.

అతను గట్టుమీద కూర్చున్నాడు. ఆట అయ్యాక భాయ్ వెళ్ళి పక్కన కూర్చుంటే ఏదో చెప్పబోయాడు. భాయ్ తల తిప్పి "ఈ చెవుల చెప్పు" అన్నాడు. ఇద్దరూ పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నారు. తర్వాతి ఆటకు భాయ్ అతన్ని గట్టుమీదే కూర్చోబెట్టాడు. ఆ పై ఆటకు లోపలికి పంపాడు.