జాజుతో గీసిన పాదాలు

మా పెద్దబిడ్డ పోయి నెల దాటింది. కామెర్లు ముదిరి తొమ్మిది రోజులు దవాఖానాలో ఉండి, పదో రోజు పొద్దున కన్నుమూసింది. ఆ సాయంత్రం కంపెనీ బస్సు మా చిట్కుల్ మలుపులో ఆగితే, దిగిన ఆడవాళ్లు ఎవరూ ఇళ్లకు పోలేదు. టిఫిన్ డబ్బాలు చేతిలో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. వాళ్లంతా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. నేనూ నేర్చుకున్నాను. బిడ్డ దగ్గర తల్లి నేర్చుకునేది ఏముంటుందని మీరు అనుకోవచ్చు. అందుకే ఇది చెబుతున్నాను.

ఆమె మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. బడిలో ఉన్నప్పుడు కరాటే నేర్చుకుంటానంటే నేను వద్దన్నాను, వినలేదు. తల వంచుకుని పో, తల వంచుకుని రా అని చిన్నప్పటి నుంచీ చెప్పాను. అదీ వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

రెండేళ్ల కింద నాకు షుగర్ వచ్చింది. రోజూ అరగంట నడవమన్నారు. మూతపడ్డ ఒక కంపెనీ గోడ పక్కన మట్టిదారి ఉంది, పొద్దున్నే అక్కడ నడిచేదాన్ని. ఒక రోజు ఎవడో వచ్చి నా చేయి పట్టి గుంజాడు. గాజులు పగిలాయి. ఎదురుగా ఆటో వస్తుంటే వదిలేసి ఉరికాడు. నా నోట్లో నుంచి చిన్న కేక కూడా రాలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మోకాళ్లు నొస్తున్నాయని నడక మానేశాను. షుగర్ పెరిగింది, గోలీలూ పెరిగాయి.

బిడ్డే పట్టుకుంది. "మోకాళ్లు నొస్తే మిద్దె మీదికెక్కి బట్టలెట్ల ఆరేస్తున్నవమ్మా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చి చెప్పాను. ఎందుకు దాచావని అనలేదు. వాడు ఏ దిక్కు నుంచి వచ్చాడని మాత్రం అడిగింది. చెప్పలేకపోయాను. తల వంచుకుని నడిచేదానికి ఏం కనబడుతుంది? ఆమెకు నేను నేర్పబోయింది ఆ నడకే.

కాసేపు నా చేయి నిమిరి, "షుగర్‌కు గోలీలిచ్చిండ్రు గని నీ భయానికి ఏం ఇయ్యలే. గది నేనిస్త" అంది.

ఆ ఆదివారమే మిద్దె మీద మొదలుపెట్టింది. వాకిలికి పూసే ఎర్రమన్ను, జాజు తెచ్చి, తన పాదాల చుట్టూ ఎర్రగా గీసింది. ఒక పాదం ముందు, ఒకటి కొంచెం వెనక. అట్లా మోకాళ్లు వదులుగా పెట్టి నిలబడితే ఎవరూ తోసి పడేయలేరట. పక్కింటి వదినె చూసి, "ఏంది బిడ్డా, మమ్ముల పోలీసోళ్లను జేస్తవా?" అని నవ్వింది. ముందు నడుము నొప్పి పోనీ అత్తమ్మా అని ఈమె జవాబు. కంపెనీలో ప్యాకింగ్ లైను దగ్గర ఎనిమిది గంటలు నిలబడే వదినెకు ఆ నిలబడే తీరుతోనే నొప్పి సగం తగ్గింది. ఇగ తనతో పనిచేసే ఆడవాళ్లందరినీ ఆ వదినెనే పిలుచుకొచ్చింది.

ఎవరైనా చేయి పడితే బొటనవేలు దిక్కుకు గుంజుకోవాలని, పట్టు అక్కడే బలహీనమని చూపించింది. కొట్టడం ఆఖరుకట. ముందు చూడాలి, దూరం జరగాలి, గొంతెత్తాలి. "ఉరికి ఇల్లు చేరినా గెల్చినట్టే" అనేది.

నాకు అన్నీ వచ్చాయి, గొంతు మాత్రం లేవలేదు. అరవమంటే నవ్వొచ్చేది, లేకుంటే ఏడుపొచ్చేది. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒక రోజు నేను రోట్లో మిరపకాయలు దంచుతున్నాను. రోకలి పడ్డప్పుడల్లా దంచేవాళ్లకు కడుపులో నుంచి "హుమ్" అని వస్తుంది కదా. చిన్నప్పటి నుంచి అట్లానే దంచాను, ఎన్నడూ చెవిన పెట్టలేదు. ఆమె తలుపు దగ్గర నిలబడి విని, "గదేనమ్మా నీ గొంతు. గంత దమ్ము పెట్టుకొని లేదంటవేంది?" అంది. ఆ ఆదివారం రోకలి ఎత్తినట్టు చేతులు లేపి "జరుగు" అని అరిచాను. పక్క మిద్దె మీది పావురాలు లేచిపోయాయి. బిడ్డ చప్పట్లు కొట్టింది.

తర్వాత నన్ను మళ్లీ ఆ గోడ పక్క దారికి తీసుకుపోయింది. మొదట పక్కన నడిచింది. తర్వాత పదడుగుల వెనక, ఆ తర్వాత ఇరవై. "వచ్చే వారం నువ్వొక్కదానివే పోవాలె, నేను ఈ కొసకు నిలబడి సూస్త" అంది. ఆ వారమే దవాఖానాలో చేరింది.

మొన్న ఆదివారం ఆడవాళ్లు మళ్లీ మిద్దె ఎక్కారు. బిడ్డ చివరిసారి దిద్దిన జాజు గీతలు వాన జల్లుకు తడిసి ఉన్నాయి. అందరూ వాటికి ఎదురుగా వరుసలో నిలబడ్డారు. ఆ గీతల్లోకి ఎవరూ అడుగు పెట్టలేదు. "నువ్వు నిలబడు వదినె" అంది పక్కింటామె. చెప్పులు విడిచి నిలబడ్డాను. నా పాదాలు గీత దాటాయి, బిడ్డవి సన్నటి పాదాలు. గొంతెత్తాను. లేచింది.

కాళ్లు కడుక్కోకుండా అట్లాగే చెప్పులు తొడుక్కుని మట్టిదారికి ఒక్కదాన్నే వెళ్లాను. తల ఎత్తి రెండు దిక్కులూ చూసుకుంటూ చివరి దాకా నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే, ఆమె నిలబడతానన్న కొసన ఎవరూ లేరు. ఇంటికొచ్చి చెప్పులు విడిస్తే, వాటి మీద ఎర్రగా రెండు పాదాల అచ్చులు.