కళాయి సాయిబుకు జామీను

ఇంగ్లండు నుంచి ఒక ప్రొఫెసరమ్మ తన విద్యార్థులను అరడజను మందిని వెంటబెట్టుకుని మా కోర్టులు ఎలా నడుస్తాయో చూడడానికి వచ్చింది. డెబ్భైల చివర అది. వాళ్ళంతా నేరాలు, శిక్షలు, జైళ్ళ గురించి చదివేవాళ్ళు. మొత్తం ఒక వారం రోజుల పర్యటన. నేనప్పుడు చిత్తూరులో ఒక పెద్ద క్రిమినల్ లాయరు గారి దగ్గర జూనియర్‌ని. నాకంటూ కేసులు లేవు. ఇంగ్లీషు కాస్త బాగా మాట్లాడతానని మా సీనియరు గారు ఆ బృందాన్ని నాకు అప్పగించారు.

"నీకేమబ్బా, వారమంతా తెల్లోళ్ళతో తిరగతావు. ఈడ మేమే గదా సచ్చేది," అన్నాడు మా గుమాస్తా.

చిత్తూరులో వాళ్ళకు సరిపడే లాడ్జీ దొరకక తిరుపతిలో దింపారు. నన్నూ అక్కడే ఉండమన్నారు. పొద్దున్నే తిరుపతిలో బస్సెక్కి చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు చేరడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. కండక్టరు అన్నది వాళ్ళకు చెప్పాలి, వాళ్ళు అడిగింది కండక్టరుకు చెప్పాలి. కోర్టులో మేజిస్ట్రేటు గొణిగింది చెప్పాలి, గొణగనిది ఎందుకు గొణగలేదో కూడా చెప్పాలి. రెండో రోజుకే నా దవడలు నొప్పి పుట్టాయి. ఎవరైనా నన్ను పలకరిస్తే, ఇది ఎవరికి అప్పజెప్పాలా అని పక్కకు చూసే అలవాటు పట్టుకుంది.

మూడో రోజు సబ్ జైలు నుంచి రిమాండు ఖైదీలను తీసుకొచ్చారు. వరసగా నిలబెట్టి పేర్లు పిలుస్తున్నారు. ఒక్కొక్కరు ముందుకు రావడం, మేజిస్ట్రేటు తలెత్తకుండానే మళ్ళీ వాయిదా వేయడం, వాళ్ళు వెనక్కి పోవడం. ఆ వరసలో ఒక ముసలాయన ఉన్నాడు. బక్కగా, లుంగీ పైకి కట్టుకుని ఉన్నాడు. చేతులు మణికట్ల దాకా నల్లగా కమిలి ఉన్నాయి. ఆయన్ను ఎక్కడో చూశాననిపించింది. బయటికి తీసుకొచ్చాక వరండాలో దగ్గరగా చూస్తే తెలిసింది. మా ఊళ్ళకు తిరిగి ఇత్తడి పాత్రలకు కళాయి వేసే సాయిబు. నా చిన్నప్పుడు మా వీధి చివర గుంత తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊదుతుంటే ఆ తగరం తళతళలు చూడడానికి బడి ఎగ్గొట్టి నిలబడేవాణ్ణి. ఆయనకు నేను గుర్తులేను.

ప్రొఫెసరమ్మ ఆయనతో మాట్లాడాలంది. కానిస్టేబులు సరేనన్నాడు.

"ఏం సెప్పేది సార్," అన్నాడు సాయిబు. "ఆ ఊర్లో నేను కొలిమి పెట్టినా. పని ముగించుకోని ఎలబారినా. మర్నాడు ఆడ ఎవురింట్లోనో బిందెలు పోయినాయంట. నన్ను పట్టుకోనొచ్చినారు."

విద్యార్థుల్లో ఒక అమ్మాయి, గుండ్రటి కళ్ళద్దాలు పెట్టుకున్న పిల్ల, "దొంగ సొత్తు మీ దగ్గర దొరికిందా?" అని అడిగింది. తెలుగులో చెప్పాను.

"కళాయి ఏసేవోడి కాడ ఊరోళ్ళ బిందెలు లేకుండా ఎట్లుంటాయి సార్? నాలుగూర్లవి ఉంటాయి."

ఆయనకు బెయిలు ఎప్పుడో ఇచ్చారని కానిస్టేబులు చెప్పాడు. మరి లోపల ఎందుకున్నాడని ఆ అమ్మాయి అడిగింది. దానికి సాయిబు భార్య జవాబిచ్చింది. అంతదాకా స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఆమె లేవకుండానే చెప్పింది.

"జామీనుకు నిలబడేవోళ్ళు లేరు. భూమి ఉండేవోళ్ళు రావాలంట. మావోళ్ళలో భూమి ఉండేవోళ్ళు యాడుండారు?"

అది కూడా ఇంగ్లీషులో చెప్పాను.

సాయంత్రం బస్సులో ఆ కళ్ళద్దాల అమ్మాయి నా పక్కన కూర్చుంది. బస్సు ఊరు దాటాక, "మీ కుటుంబానికి భూమి ఉందా?" అని అడిగింది.

"ఉంది. పాకాల దగ్గర."

"ఓ," అని కిటికీలోంచి చూడసాగింది. ఇంకా ఏదైనా అడుగుతుందని ఎదురు చూశాను. అడిగితే చెప్పడానికి నా దగ్గర లాయరు జవాబులు చాలా ఉన్నాయి. ఆమె అడగలేదు. పాకాల రాగానే నేను లేచి, ఈ పూటకు మీరే తిరుపతి చేరుకోండని ప్రొఫెసరమ్మకు చెప్పి దిగిపోయాను. ఆ దిగడంలో మంచితనం కంటే విసుగే ఎక్కువ. ఇంకొక మాట అటునుంచి ఇటు మోయలేననిపించింది.

ఇంటికి చేరేసరికి నాయన వసారాలో చెనక్కాయలు ఒలుస్తున్నాడు. నేను కూడా కూర్చుని ఒలుస్తూ, జైల్లో ఉన్న ఒకాయనకు జామీను నిలబడతావా అని అడిగాను.

"కోర్టు మాట నా కాడ ఎత్తద్దని నీకు సెప్పినా గదరా," అన్నాడు.

చెప్పాడు నిజమే. దాయాదులతో గట్టు తగాదా పెట్టుకుని, నేను బడిలో చేరినప్పటి నుంచి కాలేజీ దాకా ఆయన చిత్తూరు కోర్టు చుట్టూ తిరిగాడు. గెలిచాడు. గెలిచిన రోజు ఇంటికొచ్చి, ఇంక ఆ మెట్లు ఎక్కేది లేదన్నాడు. నన్ను లా చదివించింది మా మేనమామే గానీ ఆయన కాదు.

"ఆయన మనకేమవతాడని?" అన్నాడు నాయన.

"ఏమీ కాడు నాయనా. మనూరికి కళాయి వేసేదానికి వచ్చే సాయిబు."

నాయన చేయి ఆగింది. "గెడ్డం ఎర్రగా ఉంటాదే, ఆయనా?"

"ఇప్పుడు తెల్లగా ఉంది. జైల్లో గోరింటాకు ఎవరు పెడతారు?"

అమ్మ లోపల్నుంచి వచ్చి గడపలో నిలబడింది. "ఆయప్ప నిరుడు మన బిందెలన్నీ ఎత్తకపోయినాడు. వానలు పట్టుకోని రాలేదు. పోయినాయిలే అనుకున్నా. వాన ఎలిసినాక నెత్తిన పెట్టుకోని తెచ్చిచ్చినాడు."

"దానికే మనిషిని నమ్మేస్తామా?" అన్నాడు నాయన.

"నేను నమ్మమన్లేదు. జరిగింది సెప్పినా," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

నాయన చాట పక్కన పెట్టాడు. "ఆయన పారిపోతే?"

"నీ మీదికి వస్తాది."

"కేసు ఎన్నేండ్లు నడస్తాది?"

"చెప్పలేను నాయనా."

"లాయరువై ఇదొకటి నిజం సెప్పినావు," అన్నాడు.

తెల్లారి లేచి చూస్తే ఉతికిన పంచ కట్టుకుని, శిస్తు రసీదులు సంచిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన భూమి ఆయనదేనని కరణం చేత రాయించుకునేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. మేము చిత్తూరు చేరేసరికి మేజిస్ట్రేటు ఆ పూటకు లేచి వెళ్ళిపోయాడు. నాయన చిత్తూరులో నా గదిలో పడుకుని మర్నాడు మళ్ళీ కోర్టుకు వచ్చాడు. జామీనుదారు సంగతి పోలీసులు విచారించి రాయాలి, సోమవారం రమ్మన్నారు.

ఆ రోజు శుక్రవారం. విద్యార్థులకు కోర్టులో ఆఖరు రోజు. వరండాలో నాయనను చూసి కళ్ళద్దాల అమ్మాయి చేతులు జోడించింది. నాయన తడబడి లేచి నిలబడ్డాడు. ఆయన ఎందుకు వచ్చాడో నేను చెబితే ప్రొఫెసరమ్మ ఆయన పక్కనే బెంచీ మీద కూర్చుంది.

"ఆ మనిషి కోసం మీరెందుకు నిలబడుతున్నారని అడుగుతోంది," అన్నాను.

"వీడు అడిగినాడు, అందుకని సెప్పు," అన్నాడు నాయన, నా వైపు గడ్డంతో చూపిస్తూ.

"ఈ కోర్టు మీద మీ అభిప్రాయం ఏమిటంటోంది."

నాయన చుట్టూ చూశాడు. "నీడ బాగుండాదని సెప్పు."

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

శనివారం వాళ్ళను తిరుపతిలో మద్రాసు రైలెక్కించాను. "సోమవారం ఆయన బయటికి వచ్చేస్తాడు కదా?" అని కిటికీలోంచి ఆ అమ్మాయి అడిగింది. వస్తాడన్నాను. అప్పటికి నేనూ అలాగే అనుకున్నాను.

సోమవారం పోలీసుల కాగితం రాలేదు. వచ్చిన రోజు కోర్టుకు సెలవు. సెలవు అయ్యాక కాగితంలో ఊరి పేరు తప్పు పడిందన్నారు. నాయన ప్రతిసారీ పాకాల దాకా నడిచి బస్సెక్కి వచ్చేవాడు. నన్ను ఒక్క మాట అనేవాడు కాదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. చివరికి ఒక సాయంత్రం జైలు తలుపు తెరిచి సాయిబును వదిలారు. ఆయన భార్య పొద్దుటి నుంచి అక్కడే ఉండి, గోడకు జారబడి నిద్రపోయింది. ఆయనే వచ్చి భుజం తట్టి లేపాల్సి వచ్చింది. ఆమె కళ్ళు తెరిచి, "అన్నం తిన్నావా?" అనడిగింది. ఇంగ్లండు నుంచి అంత దూరం వచ్చిన ఆ విద్యార్థులు చూడాల్సింది ఇది. అప్పటికి వాళ్ళు ఏ దేశంలో ఉన్నారో.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా కేసు సాగింది. సాయిబు ఒక్క వాయిదా తప్పలేదు. ఆయన వచ్చాడో లేదో చూసుకోవడానికి నాయన కూడా వచ్చేవాడు. మొదట వరండాకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చునేవాళ్ళు. పోనుపోను ఒకే బెంచీ మీద కూర్చుని వానల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. కేసు సంగతి వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

చివరికి బిందెల యజమానురాలు బోనెక్కింది. వరసగా పెట్టిన బిందెల్లో నీదేదో చూపించమన్నారు. ఆమె ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసింది. "అన్నీ ఒకే మాదిరి ఉండాయి సామీ," అంది. నిజాయితీ గల మనిషి. కేసు కొట్టేశారు. మేజిస్ట్రేటు తర్వాతి కేసు పిలిపించినా సాయిబు అక్కడే నిలబడి ఉన్నాడు. బంట్రోతు వచ్చి చేయి పట్టుకుని దించాడు.

బయట అంగట్లో ముగ్గురం టీ తాగాము. ఎవరికీ సంతోషపడే ఓపిక లేదు. నాయన గ్లాసు కింద పెట్టి, "ఇంక మా ఊరికి వస్తావు గదా సాయిబూ? మా ఇంటిది పాత్రలన్నీ అట్లే పెట్టుకోనుండాది," అన్నాడు.

సాయిబు తల అడ్డంగా ఊపాడు. "రాను పెద్దాయనా. కోర్టు నా తప్పు లేదనింది గానీ, రేపు మీ ఊర్లో ఎవురింట్లో ఏం పోయినా ముందు నా మొకమే సూస్తారు. నా కొడుకు కాట్పాడిలో సైకిలంగడి పెట్టినాడు. ఆడ కూసుంటా. గాలి కొడతా."

నాయన ఒప్పించబోలేదు. అవునప్పా, అదే మేలు అన్నాడు. బస్టాండులో కాట్పాడి బస్సు ముందొచ్చింది. సాయిబు ఎక్కి, సీటు దొరక్క, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ బస్సు కదిలేదాకా నాయన ఎండలోనే నిలబడి, తర్వాత పాకాల బస్సు కోసం నీడకు జరిగాడు.