ఆ బొమ్మలో బాతు ఎందుకుంది?

మా పక్కింటి రమ్య తొమ్మిదో తరగతి. ఆర్ట్ క్లాసు కోసం పాతకాలపు ప్రింట్ ఒకటి దగ్గరగా చూసి గీయాలట. వాళ్ళమ్మానాన్నలకు శనివారం కూడా ఆఫీసు పని. "ఆంటీ, ప్లీజ్" అనేసరికి సరేనన్నాను. అంతటితో ఊరుకోక, మా తెలుగు చర్చిలో నేను సండే స్కూల్ చెప్పే ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకున్నాను.

మేముండే ఆష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ మెట్రో రైలెక్కితే గంట పైచిలుకులో వాషింగ్టన్‌లో దిగొచ్చు, పార్కింగ్ తిప్పలుండవు. మేం వెళ్ళిన మ్యూజియంకి టికెట్ లేదు. బయట బెంచీ మీద పులిహోర తిని లోపలికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది.

రమ్య ఎంచుకున్నది బరోక్ కాలపు ప్రింట్, దాదాపు నాలుగొందల ఏళ్ళనాటిది, రాగిరేకు మీద చెక్కి కాగితంపై అచ్చొత్తినది. పూరింట్లో ముసలి దంపతులు, ఓ మూల బాతు, భోజనానికి కూర్చున్న ఇద్దరు అతిథులు, వాళ్ళలో ఒకరి టోపీకి రెక్కలు. రెక్కలు కనబడగానే నాలోని టీచరమ్మ లేచింది.

"చూశారా, అబ్రాహాము, శారా! దేవదూతలకి అన్నం పెడుతున్నారు."

"బైబిల్లో త్రీ మెన్ కదా ఆంటీ వచ్చింది?" అన్నాడు మా క్లాసు పిల్లాడు.

"మూడో ఆయన బయటున్నాడేమోరా."

రమ్య గీస్తూనే అంది: "ఆంటీ, ఇది బైబిల్ స్టోరీ కాదు. రోమన్ మిత్. అందుకే ఇక్కడ గూస్ ఉంది."

"మీ ఇంట్లో బైబిల్ చదవరు కదమ్మా. తెలియనప్పుడు పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు."

రమ్య డ్రాయింగ్ పుస్తకం మూసి బ్యాగులో పెట్టేసుకుంది.

కాసేపయ్యాక కళ్ళజోడు పెట్టుకుని పక్కనున్న లేబుల్ చదివాను. జూపిటర్, రెక్కల టోపీ పెట్టుకునే మెర్క్యురీ అనే దేవుళ్ళు మారువేషంలో వస్తే ఊరంతా తలుపులు మూసిందట. ఈ పేద దంపతులే లోపలికి పిలిచారు. ఉన్న ఒక్క బాతునూ కోయబోతే అది ఆ దేవుళ్ళ దగ్గరికే పరుగెత్తింది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే చెప్పాల్సింది, పిల్లల ముందు నోరు రాలేదు. "పదండి, లేటవుతోంది" అన్నాను.

రైలు సగం దూరం వచ్చాక గానీ ధైర్యం చాల్లేదు. అందరి ముందూ చెప్పాను, రమ్యదే కరెక్టని, నేను తప్పుగా మాట్లాడానని.

"ఇట్స్ ఓకే ఆంటీ" అంది కిటికీలోకి చూస్తూ.

"బొమ్మ అయిపోయిందా?"

"గూస్ వేయలేదు."

"మళ్ళీ శనివారం వద్దామా?"

"మండే సబ్మిట్ చేయాలి ఆంటీ."

ముక్కూమొహం తెలియనివాళ్ళని లోపలికి పిలిచినవాళ్ళ బొమ్మ ముందు నిలబడి, నన్ను నమ్మి వచ్చిన పిల్లని నేను బయటిమనిషిని చేశాను. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

మీరు పిల్లల్తో వెళ్తే పెన్నులు కాదు, పెన్సిళ్ళు పట్టుకెళ్ళండి, పెన్నులు ఒప్పుకోరు. వాళ్ళు గీస్తున్నంతసేపూ మీ పాఠం మాత్రం ఆపుకోండి.